సముద్రం ఈత నేర్పలేదు

మా కోడేరు మండలం చుట్టుపక్కల బళ్ళలో, జూనియర్ కాలేజీల్లో వార్షికోత్సవమో జెండా పండుగో వచ్చిందంటే, మైకు పట్టుకున్న పెద్దమనిషి నోట కొన్ని కథలు తప్పకుండా వినబడతాయి. వీధి దీపం కింద చదువుకుని కలెక్టరైన పిల్లవాడి కథ వాటిలో పాతది. 2022లో సినిమాగా వచ్చాక యుస్రా మార్దినీ కథ కూడా ఆ వరుసలో చేరింది. సిరియా అమ్మాయి. యుద్ధం ఇంటిని కూల్చింది. దేశం విడిచి పోతుంటే నడిసముద్రంలో పడవ ఆగిపోయింది. నీళ్ళలోకి దూకి మూడు గంటలకు పైగా పోరాడి ఒడ్డుకు చేరింది. ఏడాది తిరిగేసరికి రియో ఒలింపిక్స్ కొలనులో దిగింది. ఇంతవరకూ నిజమే. దీని వెనకే వచ్చే మాటతోనే నా పేచీ అంతా. "చూశారా పిల్లలూ! ఆ పిల్లకు ఇల్లు లేదు, ఊరు లేదు, ఏ వసతీ లేదు. అయినా ఒలింపిక్స్‌కు పోయింది. పట్టుదల ఉంటే చాలు. వసతులు లేవనడం చేతకానివాళ్ళ సాకు."

ఈ మాట తప్పు. పిల్లల ముందు చెప్పకూడనంత తప్పు. కింద కూర్చుని వింటున్న వాళ్ళలో సగం మందికి అమ్మానాన్నలు ఊళ్ళో ఉండరు. గుంపు మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో పోయి కాంక్రీటు మోస్తుంటారు. పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉండి చదువుకుంటారు. అలాంటి పిల్లలతో "వసతి అడగడం సాకు" అంటే, రేపు వాళ్ళు దేనిలో వెనకబడినా ఆ తప్పు మీదేనని ముందే చెప్పేసినట్టు. చెబుతున్నవాళ్ళు మంచి మనసుతోనే చెబుతున్నారని నాకు తెలుసు. మంచి మనసుతో చెప్పినా అబద్ధం అబద్ధమే. అది అబద్ధమని యుస్రా జీవితమే చెబుతుంది. ఆ జీవితాన్ని మధ్యలోంచి కాకుండా మొదటి నుంచి చదవాలి, అంతే.

యుస్రా 1998 మార్చిలో పుట్టింది. డమాస్కస్ నగర శివార్లలోని దారయ్యాలో పెరిగింది. తండ్రి ఇజ్జత్ మార్దినీ ఈత శిక్షకుడు. ఆయన చేతిలోనే యుస్రా, ఆమె అక్క సారా మూడు నాలుగేళ్ళ వయసులో కొలనులో దిగారు. తల్లి ఫిజియోథెరపిస్టు. అంటే భుజం పట్టేస్తే సవరించేవాళ్ళు, చేయి తిప్పడంలో తప్పు పడితే దిద్దేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. 2012 డిసెంబరులో ఇస్తాంబుల్‌లో 25 మీటర్ల కొలనులో ప్రపంచ ఈత పోటీలు జరిగితే, యుస్రా సిరియా తరఫున మూడు అంశాల్లో పోటీ పడింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. పడవ ఎక్కడానికి ఇంకా దాదాపు మూడేళ్ళుంది.

సముద్రంలోకి దూకిన రోజున ఆమె ఎవరో ఈ ఒక్క సంగతితో తేలిపోతుంది. ప్రపంచ పోటీల్లో తన దేశానికి ప్రాతినిధ్యం వహించిన క్రీడాకారిణి ఆమె. మూడు నాలుగేళ్ళ వయసు నుంచీ నీళ్ళలో పెరిగిన పిల్ల. వేదికల మీద వినిపించే కథలో ఇస్తాంబుల్ ఉండదు. తండ్రి ఉండడు, డమాస్కస్ కొలనూ ఉండదు. వాటిని తీసేస్తేనే "ఏమీ లేకుండా" అనే మాట నిలబడుతుంది కనుక తీసేస్తారు.

యుద్ధం ఆమెకు ఏం చేసిందో కూడా చూద్దాం. ఇల్లు పోయింది. సాధన తెగిపోతూ సాగింది. కొలను పైకప్పుకు బాంబుల వల్ల రంధ్రాలు పడేవని ఆమే చెప్పుకుంది. ఎదిగే వయసులో ఈతగాడికి ఒక్క ఏడాది సాధన దెబ్బతింటే దాన్ని తిరిగి పూడ్చుకోవడం ఎంత కష్టమో ఏ శిక్షకుణ్ణి అడిగినా చెబుతాడు. కష్టం ఆమెకు ఇచ్చిందేమీ లేదు. ఉన్నదాన్ని లాక్కుంది.

ఇక ఆ పడవ. 2015 ఆగస్టు. అక్కచెల్లెళ్ళు డమాస్కస్ నుంచి లెబనాన్ మీదుగా తుర్కియే చేరారు. అక్కడ మనుషుల్ని దొంగచాటుగా దాటించేవాళ్ళకు డబ్బు కట్టి, ఇజ్మీర్ వైపు తీరంలో ఒక రబ్బరు పడవ ఎక్కారు. ఆరేడు మందికి సరిపోయే పడవలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఎదురుగా కనబడేంత దూరంలో గ్రీసు దీవి లెస్బోస్. బయల్దేరిన కాసేపటికే ఇంజను ఆగింది. పడవలోకి నీళ్ళు వస్తున్నాయి. సామాన్లు సముద్రంలోకి విసిరేశారు, అయినా తేలిక కాలేదు. ఈత వచ్చినవాళ్ళు నలుగురే. అక్కచెల్లెళ్ళిద్దరు, మరో ఇద్దరు. వాళ్ళు నీళ్ళలోకి దిగారు. పడవ చుట్టూ ఉన్న తాడు పట్టుకుని, అల అడ్డంగా తగిలి పడవ బోర్లపడకుండా దాని ముక్కును నిలబెట్టుకుంటూ, కాళ్ళు ఆడిస్తూ మూడు గంటలకు పైగా ఉన్నారు. ఉప్పునీళ్ళకు కళ్ళు మండాయి, ఒళ్ళు చల్లబడిపోయింది. ఒడ్డుకు చేరేసరికి యుస్రా కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

ఆ మూడు గంటల్లో ఆ పిల్లను బతికించిందేమిటి? భయపడినా శ్వాస తప్పకుండా ఉండటం, నీళ్ళతో పెనుగులాడకుండా ఒంటిని తేలనివ్వడం, ఏ కండరానికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో తెలియడం. ఇవి ఎవరూ ఆపదలో నేర్చుకోలేరు. ఆపద రాకముందు, నిశ్చలమైన నీళ్ళలో, పక్కన నేర్పేవాడు నిలబడి ఉండగా వేల గంటలు చేస్తే ఒంటికి పడతాయి. సముద్రం ఆమెకు ఈత నేర్పలేదు. ఆమెకు ఈత వచ్చు కనుక సముద్రం ఆమెను మింగలేకపోయింది.

ఈత రానివాళ్ళ సంగతి? ఆ 2015లో సముద్రం దాటి యూరప్ చేరినవాళ్ళు పది లక్షల మందికి పైనే. మధ్యధరాలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు 3,700 మందికి పైగా. యుస్రా ఒడ్డు చేరిన కొద్దికాలానికే, సెప్టెంబరు 2న, ఎర్ర చొక్కా తొడుక్కున్న చిన్న పిల్లవాడు తుర్కియే తీరంలో బోర్లా పడి ఉన్న ఫొటో ప్రపంచమంతా చూసింది. వాళ్ళెవరికీ బతకాలన్న పట్టుదల లేకపోయిందని చెప్పగలిగే ధైర్యం ఎవరికుంది?

పట్టుదలే కొలత అనేవాళ్ళకు సామియా యూసుఫ్ ఒమర్ పేరు చెప్పాలి. సోమాలియా అమ్మాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్ళ వయసులో 200 మీటర్లు పరుగెత్తింది. 32.16 సెకన్లు. అదే హీట్‌లో మొదట వచ్చిన జమైకా ఛాంపియన్ వెరోనికా కాంప్‌బెల్ బ్రౌన్‌కూ ఆమెకూ మధ్య తొమ్మిది సెకన్ల తేడా. ఆఖరున ఒంటరిగా వస్తున్న ఆ పిల్లకు స్టేడియం మొత్తం చప్పట్లు కొట్టింది. తండ్రి లేడు, తల్లి పండ్లమ్మి ఇల్లు నడిపేది. మొగదిషులో తూటాల దెబ్బలు తిన్న పాత స్టేడియంలో సాధన చేసేది. ఆడపిల్ల పరుగెత్తడాన్ని సహించని సాయుధ ముఠాల బెదిరింపుల మధ్య చేసేది. లండన్ ఒలింపిక్స్‌కు ముందు తనకు నేర్పే శిక్షకుడు దొరికితే చాలని ఇథియోపియాకు పోయింది. అక్కడా కుదరక సూడాన్ మీదుగా ఎడారి దాటి లిబియా చేరి, ఇటలీకి పోయే పడవ ఎక్కింది. 2012 ఏప్రిల్‌లో ఆ ప్రయాణంలోనే సముద్రంలో మునిగి చనిపోయింది.

యుస్రా కన్నా సామియా పట్టుదల ఒక్క వీసం తక్కువని ఎవరైనా అనగలరా? కష్టం తక్కువా? కష్టమే ఛాంపియన్‌ను చేసేదయితే పతకం మొట్టమొదట ఆమె మెళ్ళో పడాలి. సామియాకు లేనిది నేర్పే మనిషి. ఆ మనిషిని వెతుక్కుంటూ పోయి ప్రాణం పోగొట్టుకుంది. ఆమె కథ మన బళ్ళలో ఎవరూ చెప్పరు. ఎందుకంటే దాని చివర "సాకులు చెప్పకండి" అని ముగించడానికి వీలుండదు.

యుస్రాకు ఆ మనిషి రెండోసారి కూడా దొరికాడు. గ్రీసు, మాసిడోనియా, సెర్బియా, హంగరీ, ఆస్ట్రియా దాటి 2015 సెప్టెంబరులో బెర్లిన్ చేరారు అక్కచెల్లెళ్ళు. శరణార్థి శిబిరంలో ఉండగా, అక్కడ దుబాసీగా పనిచేసే ఒక ఈజిప్టు మనిషి వాళ్ళను వాసర్‌ఫ్రాయిండె స్పాండౌ 04 అనే ఈత క్లబ్బుకు పరిచయం చేశాడు. క్లబ్బువాళ్ళు ఇద్దరినీ నీళ్ళలో దింపి చూశారు. శిక్షకుడు స్వెన్ స్పానెక్రెబ్స్ ఒప్పుకున్నాడు. 1936 ఒలింపిక్స్ కోసం కట్టిన కొలనులో రోజూ బడికి ముందు, బడి తర్వాత సాధన. మొదట ఆయన లెక్క 2020 టోక్యో గురించే. ఈలోగా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం శరణార్థులతో ఒక జట్టు కట్టాలని నిర్ణయించింది. 2016 జూన్‌లో ప్రకటించిన పదిమందిలో యుస్రా ఉంది. శిక్షణకు స్కాలర్‌షిప్ దొరికింది, ఉండటానికి నీడ, చదువుకు బడి దొరికాయి. తలదాచుకోవడానికి ఒక ప్రభుత్వం అనుమతించింది. వీటిలో ఏది తీసేసినా రియో లేదు.

"ఏ వసతీ లేకుండా" అన్న మాటను ఈ వరుస పక్కన పెట్టి చదవండి. డమాస్కస్‌లో తండ్రి, బెర్లిన్‌లో స్పానెక్రెబ్స్. ఈ రెంటి మధ్యలో సముద్రం. మధ్యలో ఉన్నదాన్నే కారణం అని చెప్పడం ఎట్లా కుదురుతుంది?

మా దిక్కు ఈత ఎట్లా నేరుస్తారో చెబితే ఈ మాట ఇంకా తేటపడుతుంది. మోటబావి. రాతి కట్టడం, సగం దాకా మెట్లు. పిల్లవాడి నడుముకు తాడు, వీపున ఖాళీ నూనె డబ్బా. పూర్వం ఎండిన సొరబుర్ర కట్టేవాళ్ళు, తర్వాత ట్యూబులు వచ్చాయి. తాడు రెండో కొస గట్టు మీద మేనమామ చేతిలోనో అన్న చేతిలోనో ఉంటుంది. తొలిరోజు నీళ్ళు మింగి ఏడుస్తాడు. నాలుగైదు రోజులకు తల పైకెత్తి, చేతులు కుక్కపిల్లలా కొట్టుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు చేరతాడు. వేసవి అయిపోయేలోగా డబ్బా విప్పేస్తారు, పైనుంచి దూకడం మొదలవుతుంది. ఇది మంచి చదువు. ప్రాణం కాపాడే చదువు. పల్లెల్లో ఇప్పుడు అది కూడా పోతున్నది. బోర్లు వచ్చి బావులు ఎండాయి. ఉన్న బావుల్లో ముళ్ళకంపా చెత్తా పడ్డాయి.

కానీ ఆ బావిలోంచి బటర్‌ఫ్లై ఈతగాడు రాడు. బావి వెడల్పు ముప్పై నలభై అడుగులు. ఒలింపిక్ కొలను పొడవు 50 మీటర్లు, అంటే 164 అడుగులు. బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీటి మీదుగా ముందుకు విసిరి, ఒకేసారి వెనక్కి లాగాలి. చేతుల ప్రతి చుట్టుకూ రెండు కాళ్ళూ కలిపి రెండుసార్లు కొరడా ఝళిపించినట్టు కొట్టాలి. తల నీళ్ళలోనే ఉండాలి. గడ్డం నీటి మట్టానికి కాస్త పైకి లేచిన ఆ లిప్తపాటులోనే గాలి పీల్చుకోవాలి. క్షణం ఆలస్యమైతే నడుము కుంగిపోతుంది, వేగం చచ్చిపోతుంది. బావిలో తల ఎప్పుడూ పైన పెట్టి ఈదడం నేర్చిన పిల్లవాడు ముందు ఆ అలవాటును మరిచిపోవాలి. ఇది తనంతట తాను చూసుకుని దిద్దుకునేది కాదు. గట్టు మీద నడుస్తూ, చేతిలో గడియారంతో, ప్రతిసారీ చెప్పే మనిషి కావాలి. అదీ సంవత్సరాల తరబడి.

సిరియాకే చెందిన ఇబ్రహీం అల్ హుస్సేన్ యూఫ్రటీస్ నదిలో ఈత నేర్చుకున్నవాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. బాంబు దాడిలో కాలు పోగొట్టుకుని, గ్రీసు చేరి, 2016 రియో పారాలింపిక్స్‌లో శరణార్థి క్రీడాకారుల జెండా మోసినవాడు. ఆయనకు ఆ నదిలో ఈత నేర్పింది ఎవరు? శిక్షకుడైన తండ్రి. మళ్ళీ నీళ్ళలో దింపిందేది? ఏథెన్స్‌లోని ఒలింపిక్ కొలను. ఎటు తిరిగినా అక్కడికే వస్తాం.

మనవాళ్ళ గురించి కూడా ఇదే తప్పు కథ చెబుతున్నాం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళకు ఎవరెస్టు ఎక్కింది. "కూలీల బిడ్డ, చూడండి" అంటారు. కూలీల బిడ్డే. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్పారు. డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో తర్ఫీదు ఇచ్చారు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆ పని తలపెట్టారు, శేఖర్‌బాబు బాచినేపల్లి లాంటి పర్వతారోహకుడు శిక్షణ ఇచ్చాడు. ప్రభుత్వం డబ్బు పెట్టింది. పేదరికం ఆమెను ఎవరెస్టు ఎక్కించలేదు. పేదరికం అడ్డు తొలగించే ఏర్పాటు ఒకటి జరిగింది, దాన్ని ఆ పిల్ల ధైర్యంగా, పూర్తిగా వాడుకుంది. ఆ ఏర్పాటు పేరెత్తకుండా ధైర్యాన్ని మాత్రమే మెచ్చుకోవడం ఆమెకూ న్యాయం కాదు, ఆమె వెనక రావలసిన వెయ్యిమందికీ న్యాయం కాదు.

యుస్రాను కించపరిచే వాదం కూడా ఒకటుంది. రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఆమె సమయం 1 నిమిషం 9.21 సెకన్లు. తన హీట్‌లో మొదట వచ్చింది కానీ మొత్తం మీద 41వ స్థానం. ఆ అంశంలో స్వీడన్ ఈతగత్తె సారా షోస్ట్రోమ్ 55.48 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. "జాలితో ఇచ్చిన చోటు అది, దానికింత గొప్ప ఏమిటి" అని అంటారు. ఈ మాటా, మొదటి మాటా పైకి ఎదురెదురుగా కనిపించినా రెండూ ఒక్క తీరువే. పధ్నాలుగు సెకన్ల ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో రెండూ అడగవు. ఒకరికి ఏటా ఏ అంతరాయమూ లేని సాధన, మరొకరికి పైకప్పుకు రంధ్రాలు పడ్డ కొలను, కూలిన ఇల్లు, ఏడెనిమిది దేశాల ప్రయాణం. ఐదేళ్ళ తర్వాత టోక్యోలో యుస్రా అదే దూరాన్ని 1 నిమిషం 6.78 సెకన్లలో ఈదింది. రెండున్నర సెకన్ల దాకా తగ్గింది. ఆ మధ్య కాలంలో ఏ సముద్రమూ లేదు. సాధన ఉంది.

శరణార్థి జట్టులో రియోకు పదిమంది పోయారు, టోక్యోకు ఇరవై తొమ్మిది మంది, పారిస్‌కు ముప్పై ఏడుగురు. తొలి పతకం పారిస్‌లో వచ్చింది. కామెరూన్‌లో పుట్టి పదకొండేళ్ళకు ఇంగ్లండ్ చేరిన సిండీ న్గాంబా మహిళల 75 కిలోల బాక్సింగ్‌లో కాంస్యం గెలిచింది. ఆమె సాధన చేసింది షెఫీల్డ్‌లో, బ్రిటన్ జాతీయ జట్టు బాక్సర్లతో పాటు. ఆ తలుపు తెరిచారు కనుక ఆ పతకం వచ్చింది.

"అయితే పిల్లలకు స్ఫూర్తి వద్దా? నిరాశ నూరిపోయాలా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను, దీన్ని తేలిగ్గా తీసిపారేయను. పిల్లలకు ధైర్యం కావాలి. కానీ ధైర్యం నిజం మీద నిలబడాలి. "ఏళ్ళ తరబడి సాధన చేసింది, మంచి గురువు దొరికాడు, మళ్ళీ వెతుక్కుని మరో గురువును పట్టుకుంది, నీకూ గురువు కావాలి, అడుగు" అని చెబితే ఏ పిల్లా నీరుగారిపోదు. అడగవలసింది ఏమిటో ఆమెకు తెలుస్తుంది. "ఏమీ అక్కర్లేదు, నీలో నిప్పు ఉంటే చాలు" అని చెబితే, ఓడిన రోజున తనలో నిప్పు లేదని కుమిలిపోతుంది. నిరాశ నూరిపోసేది ఈ రెండో మాటే.

ఇంకో సంగతి. కష్టం మనిషిని రాటుదేలుస్తుందనే మాట ఎవరికి పనికొస్తుందో కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. జటప్రోలు, సోమశిల, ఆలంపురం దగ్గరి పాత గుళ్ళను మాత్రం రాయికి రాయి విప్పి, నంబర్లు వేసి, ఎగువకు తెచ్చి మళ్ళీ పేర్చారు. మంచి పని చేశారు. ఊళ్ళను ఆ శ్రద్ధతో ఎవరూ తెచ్చి పేర్చలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు ఇస్తామంటూ 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టిన కుర్రవాళ్ళు తలలు నెరిసినా ఇంకా తిరుగుతూనే వచ్చారు. వాళ్ళు సరిహద్దు దాటలేదు కనుక ఏ ప్రపంచ సంస్థ జాబితాలోనూ శరణార్థులు కారు. ఇల్లు నీళ్ళ కింద పడినవాళ్ళు మాత్రం అవును. ఆ ఇళ్ళల్లోంచి ఎందరు ఛాంపియన్లు వచ్చారు? కష్టం సరిపోలేదా?

ఆ నీళ్ళే మాకు ఇప్పుడు అన్ని వైపులా ఉన్నాయి. ఎల్లూరు దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు సింగోటం చెరువు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా కల్వకుర్తి పథకం కాలువల్లో పారుతున్నాయి. పొలాలకు ప్రాణం వచ్చింది, అందుకు సంతోషమే. అయితే నీళ్ళు వచ్చినంత వేగంగా నీళ్ళ చదువు రాలేదు. కాంక్రీటు కాలువ గోడ ఏటవాలుగా, నాచుపట్టి ఉంటుంది. జారితే పట్టు దొరకదు. బావిలో ఈదగలిగినవాడు కూడా పారే కాలువలో నిలవలేడు. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న జనంతో అవతలి ఒడ్డు నెహ్రూనగర్ నుంచి బయల్దేరిన పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. అది కూడా మోయగలిగిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవే. యుస్రా దాటిన ఈజియన్ సముద్రంలోనైనా కృష్ణలోనైనా అలాంటి పడవలో ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా, ఈత వచ్చా అన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. మన దేశంలో ఏటా 35 వేల మందికి పైగా నీళ్ళలో మునిగి చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలే చెబుతున్నాయి. వాళ్ళలో పిల్లలు ఎందరో!

యుస్రా పేరు చెప్పి మనం నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది. ఆమె అక్క సారా ఆ తర్వాత లెస్బోస్‌కు తిరిగి పోయి, పడవల్లో వచ్చేవాళ్ళకు సాయపడే పనిలో చేరింది. 2018 ఆగస్టులో గ్రీసు పోలీసులు ఆమెను అరెస్టు చేశారు, మూడు నెలలకు పైగా జైల్లో పెట్టారు. తనకు వచ్చిన ఈతను ఇతరుల ప్రాణాలు నిలపడానికి వాడిన మనిషి ఆమె. మన వేదికల మీద ఈ సగం కథ కూడా వినబడదు. ఎందుకంటే ఇది ఒంటరి మనిషి గెలుపు కథలో ఇమడదు.

మరి కోడేరులో ఏం చేయాలి? ఒలింపిక్ కొలను కట్టమని నేను అనడం లేదు. కట్టేవాళ్ళు ఉంటే వద్దనీ అనను. హైదరాబాదులో గచ్చిబౌలి కొలను ఉంది, హకీంపేటలో క్రీడా పాఠశాల ఉంది. అక్కడికి పోగల పిల్ల ఎవరో తెలియాలంటే ముందు ఆ పిల్ల ఇక్కడ నీళ్ళలో దిగాలి. ఆడపిల్లకు పది పన్నెండేళ్ళు వస్తే బావి దగ్గరికే పంపరు మన ఇళ్ళల్లో. మగపిల్లలు దూకుతున్న చోట ఎట్లా దిగుతుంది, పొలంలో తడిబట్టలతో ఎట్లా బయటికొస్తుంది? ఇస్తాంబుల్‌లో పోటీ పడిన నాటికి యుస్రాకు పద్నాలుగేళ్ళు. ఆ వయసు పిల్ల మా మండలంలో ఎక్కడ ఈదాలో చూపించగలవాళ్ళు లేరు. ఆడపిల్లలకు నేర్పడానికి ఆడ శిక్షకురాలు, బట్టలు మార్చుకునే గది, చుట్టూ ఒక గోడ లేదా తడిక కావాలి. ఇవి కల్పించలేనంత పెద్దవా?

బంగ్లాదేశ్‌లో చెరువుల్లోనే వెదురు కట్టి, లోతు తక్కువగా ఉండేలా వేదికలు అమర్చి, ఊరివాళ్ళకే తర్ఫీదు ఇచ్చి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ చెబుతున్నది. మనకు చెరువులున్నాయి. తరతరాలుగా కృష్ణలో పుట్టి వేసుకుని చేపలు పట్టే బెస్తవాళ్ళు ఉన్నారు, నీళ్ళ గురించి వాళ్ళకన్నా తెలిసినవాళ్ళు ఎవరు? వాళ్ళలో యువతీయువకులకు ప్రాణరక్షణ శిక్షణ ఇప్పించి, గౌరవ వేతనం ఇచ్చి, మండలానికో చెరువు ఒడ్డున నేర్పించవచ్చు. చెరువు నిండుగా ఉన్న చలికాలం పోగానే, వార్షిక పరీక్షలకు ముందే మొదలుపెట్టాలి. వేసవి సెలవులు వచ్చాయంటే ఇంట్లో పెద్దలు ఉండరు, పిల్లలు కాలువల వెంట పడతారు. ఏటా మన జిల్లాల పేజీల్లో అలాంటి వార్తలు మొదలయ్యేది అప్పుడే.